ఉడుము పట్టుకన్నా ఉత్తరేణి పట్టు

మన దేశంలో వేట నేరమై యాభై ఏళ్లు దాటింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత, చచ్చిన జంతువు మీద కాలు పెట్టి ఫొటో దిగే ముచ్చట పోయి, బెయిలు కోసం కోర్టు మెట్లెక్కే ముచ్చట వచ్చింది. అయినా హైదరాబాదులో వేట దుస్తులకు గిరాకీ తగ్గలేదు. ఆకుల అచ్చు వేసిన మందపాటి ప్యాంటు, దానికి తొమ్మిది జేబులు, మోకాళ్ల దగ్గర అదనంగా ఒక పొర, నడుము దగ్గర తూటాలు పెట్టుకునే పట్టీ ఉన్న సరుకును మన నగరవాసి ఎంతో గంభీరంగా కొని, ఆ తూటాల పట్టీలో మొబైలు చార్జరునూ, జేబులో చుడువా పొట్లాన్నీ పెట్టుకుని, ఆదివారం తెల్లవారకముందే ఔటర్ రింగు రోడ్డు దాటుతున్నాడు.

ఈ విషయంలో నగరానికి వంశపారంపర్యపు హక్కు ఉన్న మాట నిజమే. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటలో పేరు మోసినవాడు. ఆయన ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా లాలా దీన్‌దయాళ్ తీసిన షికారు చిత్రాలు నేటికీ ఉన్నాయి. వనస్థలిపురం పక్కనున్న మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేట మైదానం; నేడు అక్కడ కృష్ణజింకలు నింపాదిగా మేస్తుంటే మనం టికెట్టు కొనుక్కుని చూస్తున్నాము. అయితే ఆ పాత చిత్రాలను ఎంత పరీక్షగా చూసినా ఒక సందేహం మాత్రం తీరదు. పొద్దస్తమానం పొదల్లో తిరిగి వచ్చిన ఆ దొరల బట్టలకు అంటుకున్న ముళ్లకాయలను సాయంత్రం డేరా ముందు కూర్చుని ఎవరు ఏరారు? పులిని కొట్టినవాడికి ఫొటో ఉంది, కొట్టబడిన పులికీ ఫొటో ఉంది, ముళ్లు ఏరినవాడికి మాత్రం లేదు. మా ఇంట్లో ఆ ఏరినవాణ్ణి నేనే కావడం వల్ల, చరిత్రలోని ఈ లోటును పూడ్చే భారం నా మీద పడింది.

ముందే మనవి చేసుకుంటాను, నేను వేటగాణ్ణి కాను. పిట్టలను చూసి, అవి ఏ పిట్టలో తెలియక, ఫొటో తీసి, ఇంటికి వచ్చి పుస్తకం తిరగేసే సాత్వికుణ్ణి. ఆ పనికి వేట ప్యాంటు ఎందుకని అడిగితే, కందకు లేని దురద కత్తిపీటకు ఉండడం లోకసహజమని మాత్రమే చెప్పగలను. దాని ధర 3,499 రూపాయలు. క్రెడిట్ కార్డు మీద మూడు వాయిదాలు. అమ్మిన కుర్రవాడు బట్టను గోటితో టకటకా కొట్టి, "ముండ్లల్లకు పోయినా ఏం గాదు సార్" అని భరోసా ఇచ్చాడు. అతని మాట అక్షరాలా నిజమైంది. ముళ్లకు ఏమీ కాలేదు.

కిందటి డిసెంబరులో ఒక ఆదివారం వికారాబాదు వైపు, అనంతగిరి కొండలకు కాస్త ఇవతల, ఒక చెరువు కట్ట వెంబడి రెండు గంటలు నడిచాను. ఎండిన గడ్డి మోకాళ్ల దాకా ఉంది. కట్ట దిగేచోట గొర్రెలు కాసుకుంటున్న ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏం కొట్టినవ్ సారూ?" అని అడిగాడు. "ఫొటోలు" అన్నాను. ఆయన చూపు నెమ్మదిగా నా ముఖం మీది నుంచి పిక్కల మీదికి దిగింది. "నువ్వేం కొట్టలేదు గని, అవే నిన్ను కొట్టినయ్" అన్నాడు. ఆయన లుంగీ మోకాళ్ల పైకి మడిచి ఉంది. వట్టి కాళ్ల మీద ఒక్క గింజ లేదు. భుజాన ఉన్న నల్ల గొంగడి అంచుకు మాత్రం నాలుగైదు అంటుకుని ఉంటే, వాటిని నాతో మాట్లాడుతూనే, చూడనైనా చూడకుండా, గోటితో ఒక్కొక్కటే తీసి పక్కన పడేశాడు. ఈ కాయలు పుట్టిందే బొచ్చు కోసం. నున్నటి చర్మాన్ని గీరుతాయి గాని దాని మీద కాపురం పెట్టవు. కాబట్టి మందపాటి నూగు ప్యాంటు తొడుక్కున్న క్షణంలో మనం వేటగాళ్ల కులం విడిచి గొర్రెల కులంలో చేరిపోతామన్నది ఆ రోజు నాకు కలిగిన మొదటి జ్ఞానోదయం.

ఇంటికి వచ్చి బాల్కనీలో ప్యాంటు విప్పి పరిశీలిస్తే ముగ్గురు నిందితులు తేలారు. మొదటిది ఉత్తరేణి. పొడుగాటి కంకి పొడవునా గింజలు తలకిందులుగా కాండానికి ఆనుకుని, ఏమీ ఎరగనట్లు ఉంటాయి. ఒక్కొక్క గింజ మొదట్లో సూదిలాంటి రేకులుంటాయి. మీరు పక్కగా రాసుకుంటూ వెళితే చాలు, కంకికి కంకే ఖాళీ అయి మీ కాలి మీదికి బదిలీ అవుతుంది. రెండవది మరుల మాతంగి. ఒంటినిండా కొక్కేలు, కొసన రెండు కొమ్ములు ఉన్న ఈ కాయ లోపల రెండు గింజలు ఉంటాయి. ఒకటి ముందు వానలకు మొలిస్తే, రెండవది మరుసటి ఏడాదికో, ఇంకా ఆ పైకో ఆగుతుంది. మొదటిదాన్ని కరువు మింగినా వంశం నిలవాలన్న ముందుచూపు అది. శంకర్‌పల్లి దగ్గర ఒకటి ఉన్నా షాద్‌నగర్ దగ్గర రెండో ప్లాటు కొనే మన పెద్దలకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. మూడవది సాక్సులోకి దూరిన గడ్డి గింజ. దాని మొన బల్లెం, మొన మీద వెనక్కి తిరిగిన గరుకు నూగు, వెనుక పొడవాటి తోక. తడి తగిలితే ఆ తోక మెలిక విప్పుకుంటుంది, ఆరితే మళ్లీ మెలిపడుతుంది. ఆ రెండు పనుల మధ్య మొన వడ్రంగి బరమాలాగా తిరుగుతూ లోపలికి దిగుతుంది. నేలలోకి దిగవలసిన ఆ బరమా నా చీలమండలోకి దిగజూసింది.

పల్లేరును నేను ఈ జాబితాలో చేర్చడం లేదు. పల్లేరు కాయ నిజాయితీ గల శత్రువు. చెప్పులో గుచ్చుకుంటుంది, కెవ్వుమనిపిస్తుంది, దాని పని ముగుస్తుంది. ఉత్తరేణీ మరుల మాతంగీ అలా కాదు, అవి చుట్టాలు. నొప్పి పుట్టించవు, వెళ్లవు.

వాటి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. కాళ్లు లేని జాతి కాళ్లున్నవాణ్ణి పట్టుకుని ఊరు మారడంలో తప్పేముంది? తల్లి మొక్క నీడలోనే మొలిస్తే తిండికీ వెలుతురుకూ తన్నుకు చావాలి కాబట్టి, ఎక్కడో ఒక మంచి సైటు చూసుకోవాలని ప్రతి గింజా కోరుకుంటుంది. దారి ఖర్చు మనది, డీజిలు మనది, టోలు మనది. గమ్యం మా కాలనీలోని ఖాళీ ప్లాటు.

ఇక్కడ వెల్‌క్రో కథ చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1941లో స్విట్జర్లాండుకు చెందిన జార్జ్ డి మెస్ట్రల్ అనే ఇంజనీరు కుక్కను వెంటబెట్టుకుని ఆల్ప్స్ కొండల్లో వేటకు వెళ్లాడు. తిరిగి వచ్చాక బట్టలకూ కుక్క బొచ్చుకూ అంటుకున్న బర్డాక్ అనే మొక్క కాయలను, నాలాగా తిట్టుకుంటూ కూర్చోకుండా, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. సన్నని కొక్కేలు బట్ట పోగుల ఉచ్చుల్లో తగులుకుని కనిపించాయి. దాన్ని నైలాను మీదికి దించడానికి ఏళ్ల తరబడి పాట్లు పడి, 1955లో పేటెంటు పొంది, మఖమలుకూ కొక్కేనికీ ఉన్న రెండు ఫ్రెంచి మాటల తలలు అతికించి వెల్‌క్రో అని పేరు పెట్టాడు. అంటే వేట ప్యాంటుకు అంటుకున్న ముల్లు లోంచి పుట్టిన వస్తువును తెచ్చి, మళ్లీ వేట ప్యాంటుకే కుట్టి, మన చేత డబ్బు కట్టించుకుంటున్నారు. నా ప్యాంటు తొమ్మిది జేబులకూ ఆ పట్టీలే. మూత వైపు కొక్కేలు, జేబు వైపు నూగు. చుడువా తింటూ ఒక జేబు మూత వేయడం మరచిపోయాను. ఆ నూగు పట్టీ మీద మరుల మాతంగి కాయలు ఎనిమిది, రేషను దుకాణం ముందు నిలబడినట్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఆయన ముల్లును చూసి పట్టీని కనిపెట్టాడు. నేను పట్టీని కొని ముళ్లను కనిపెట్టాను.

ఇక వదిలించే విధానం. నేను చేసిన మొదటి తప్పు, చదువుకున్నవాళ్లందరూ చేసేదే: ఉతికితే పోతాయనుకున్నాను. వాషింగ్ మెషీన్‌లో వేసి మీట నొక్కి పేపరు చదువుకున్నాను. లోపల ఏం జరిగిందో తరువాత తెలిసింది. గడ్డి గింజలు నీళ్లు తాగి తోకలు విప్పుకుని సాక్సుల్లోకి ఇంకో మెట్టు దిగాయి. మరుల మాతంగి పాత కాపురం నచ్చక తువ్వాళ్లలోకీ, మా ఆవిడ ఊలు శాలువాలోకీ మారింది. "ఏమండీ, ఇది తువ్వాలా, గిన్నెలు తోమే పీచా?" అన్న ప్రశ్నకు నేను ఇప్పటికీ సరైన జవాబు వెతుకుతున్నాను. మెషీన్ వడపోతలోంచి కాయలు తీసిన మెకానిక్కు ప్యాంటు వాయిదాతో సమానంగా పుచ్చుకుని వెళ్లాడు.

అప్పుడు నల్లగొండ పల్లెలో పుట్టి పెరిగిన మా అమ్మ రంగంలోకి దిగింది. "ముండ్లు గుచ్చుకున్నోళ్లను చూసిన గని బిడ్డా, పైసలిచ్చి అంటించుకున్నోళ్లను చూడలే" అని ముందుగా తీర్పు చెప్పి, తరువాత చికిత్స చెప్పింది. తడి మీద ముట్టుకోకూడదు. తడిసిన కాయ మెత్తబడి, పీకితే నడుము విరుగుతుంది గాని కొక్కేలు బట్టలోనే ఉండిపోతాయి. రెండు రోజులు డాబా మీద ఎండ తగలనివ్వాలి. ఎండితే కాయ పెళుసెక్కి చెప్పిన మాట వింటుంది. ఆ పైన అమ్మ తన ట్రంకు పెట్టె అడుగు నుంచి చెక్క ఈర్పెనను తీసింది. మా అక్కల తలల్లో ఒకప్పుడు పేలను గడగడలాడించిన ఆయుధమది. బట్టను మోకాలి మీద బిగుతుగా పరచి, గింజ ఏ వైపు నుంచి ఎక్కిందో ఆ వైపుకే, మొదట్లోంచి లేపుతూ దువ్వాలి. ఎదురు దువ్వితే ఉత్తరేణి బట్టలోకే పరుగెడుతుంది. మరుల మాతంగిని వేళ్లతో పీకితే ఒక వేలి నుంచి మరో వేలికి మారుతూ మనతో ఆడుకుంటుంది. దాన్ని కటింగ్ ప్లేయరుతో పట్టి నలిపితే కొక్కేలు పట్టు వదులుతాయి. సాక్సును లోపలి వైపు బయటికి తిప్పి, గడ్డి గింజను మొన పట్టుకుని అది వెళుతున్న దారినే ముందుకు లాగాలి. తోక పట్టుకుని లాగినవాడి చేతికి తోకే దక్కుతుంది. కంటికి ఆనని చిన్న గింజలకు అట్టపెట్టెలు అతికించే బ్రౌన్ టేపు. అప్పటికీ మిగిలిన చదును గింజలను గీకడానికి గడువు తీరిన నా క్రెడిట్ కార్డు అమోఘంగా పనికివచ్చింది. తాను తెచ్చిపెట్టినదాన్ని తానే వదిలించిన కార్డును నేను మరెక్కడా చూడలేదు.

కుడికాలు నుంచి 186 తీశాను. ఎడమకాలు లెక్కపెట్టే ఓపిక లేకపోయింది. ఇంత ఆలస్యానికి కారణం ఆకుల అచ్చు. ఆకుపచ్చ, మట్టి, ఎండుటాకు రంగులు కలగలిపిన ఆ బట్ట మీద ముళ్లకాయ ఎక్కడుందో దేవుడికి కూడా కనపడదు. చెరువు కట్ట మీద కొంగలు నన్ను ఫర్లాంగు దూరం నుంచే గుర్తుపట్టి లేచిపోయాయి. మరి 3,499 రూపాయలు పోసి కొన్న ఆ మరుగు చివరికి ఎవరికి ఉపయోగపడిందో మీరే ఆలోచించండి.

ఇస్త్రీ బండి అతను పెట్టె ఆనించబోయి ఆగి, "దీన్ని ఇస్త్రీ చెయ్యాల్నా, బర్లకు మేత వెయ్యాల్నా సార్?" అన్నాడు. లేత మరుల మాతంగి మొలకలు పశువులకు విషమని నేను వివరించబోయేలోగా తరువాతి చొక్కా అందుకున్నాడు.

ఈ అనుభవంతో దుకాణదారులకు నాదొక విన్నపం. ప్యాంటు వేసుకుని చూసుకునే గదిలో నిలువుటద్దం తీసివేసి, ఆ స్థానంలో ఒక ఎండు ఉత్తరేణి కంకిని వేలాడదీయండి. కొనేవాడు అద్దంలో వేటగాణ్ణి చూసుకునే బదులు, కంకికి కాలు రాసి చూసుకుంటాడు. దగ్గరగా నేసిన నున్నటి నైలాను అయితే గింజ జారిపోతుంది. నూగు ఉన్నదైతే అక్కడికక్కడే తెలిసిపోతుంది. వానాకాలపు రెయిన్‌కోటు ప్యాంటు ఈ పరీక్షలో నూటికి తొంభై తెచ్చుకుంటుందని మా బాల్కనీలో రుజువైంది. వెనకటి పోలీసులు పిక్కలకు చుట్టుకునే పట్టీల మీద కూడా నాకు కొత్తగా గౌరవం పుట్టింది.

తీసిన కాయలను కవరులో వేసి మూతి కట్టి పారవేయాలి. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా ఆ సాయంత్రం విసుగులో చీపురుతో ఓ మూలకు ఊడ్చాను. ఆ మూలన తులసి కుండీ ఉంది. జూన్ వానలకు తులసి పక్కన ఉత్తరేణి మొలిచి, శ్రావణం నాటికి నడుము ఎత్తుకు వచ్చింది. పీకబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఉండనియ్ బిడ్డా, చవితికి అక్కరకొస్తది. బజార్ల పత్రి కట్ట కొంటే అండ్ల ఏ ఆకు ఏందో అమ్మినోనికే ఎరక లేదు" అంది.

వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రాల పూజకు నేనే పీట మీద కూర్చున్నాను. ఏడవది రాగానే "గుహాగ్రజాయ నమః, అపామార్గ పత్రం పూజయామి" అని చదివి, అమ్మ అందించిన ఉత్తరేణి రెమ్మను భక్తితో అందుకున్నాను. రెమ్మ చివర అప్పుడే గింజ కట్టిన కంకి ఒకటి ఉన్నట్లు చూసుకోలేదు. పత్రం స్వామి పాదాల దగ్గరికి చేరేలోగా కంకి నా పట్టుపంచె జరీ అంచుకు చేరింది. పద్నాలుగు పత్రాలు ఇంకా పళ్లెంలోనే ఉన్నాయి. అమ్మ ఏమీ అనకుండా ఈర్పెన కోసం లోపలికి వెళ్లింది.