ఫైర్‌వాల్‌కి బదులు ఆరడుగుల హీరో

సైబర్ భద్రత పేరుతో కోట్లు తగలేస్తున్న బెంగళూరు కంపెనీలకు శుభవార్త. ఇక బయటి దాడుల్ని గుమ్మం దగ్గరే ఆపే ఫైర్‌వాల్సూ అక్కర్లేదు, నైట్ షిఫ్టులో కళ్ళు కాయలు కాచేలా తెరలకేసి చూసే కుర్రాళ్ళూ అక్కర్లేదు. హ్యాకర్ ప్రేమలో పడితే చాలు. ఈ సత్యాన్ని కనిపెట్టింది శాస్త్రవేత్తలు కారు. మారతహళ్ళి పీజీల్లో మన తెలుగమ్మాయిల చేతులు మారుతున్న ఓ ఇంగ్లీషు రొమాంటిక్ సస్పెన్స్ నవల, అందులోనూ రెండో భాగం. పేరు చెప్పను. మొదటి భాగం మీద గౌరవం ఇంకా మిగిలుంది.

మొదటి భాగంలో హీరోయిన్ అయిన హ్యాకర్ పిల్ల అసాధ్యురాలు. అమెరికాలో ఏదో అద్దెగదిలో కూచుని ఓ దొంగ కంపెనీ గుట్టంతా లాగింది. అక్కడి గుమాస్తాకు నమ్మేలా ఓ మెయిల్ రాసి, అతగాడు లింకు నొక్కేదాకా వారాల తరబడి ఓపిక పట్టింది. ‘విషయం తెలిసినవాళ్ళు రాసిన నవల’ అని మావాళ్ళు మురిసిపోయారు. చివరి పేజీలో ఎఫ్‌బీఐ ఏజెంటు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అక్కడితో ఆమె తెలివికి మంగళం పాడేశారు.

రెండో భాగం మొత్తమ్మీద ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచింది రెండుసార్లు. ఒకసారి హీరో ఫొటో చూసుకోడానికి. రెండోసారి, ఎట్టకేలకు, విలన్ సర్వర్ కోసం. తెరనిండా ఆకుపచ్చ అక్షరాలు జలజలా రాలతాయి. ఆమె వేళ్ళు వణుకుతాయి. వెనక నుంచి హీరో భుజమ్మీద చెయ్యేసి, ‘వాడి కుక్క పేరు కొట్టి చూడు’ అంటాడు. మూడోసారికి తలుపులు బార్లా!

మా పక్కగది నెల్లూరమ్మాయిది పెన్ టెస్టింగ్ ఉద్యోగం. అంటే, మా గోడ ఎక్కడ బీటలిచ్చిందో చూసిపెట్టమ్మా అని కంపెనీలే సంతకం పెట్టి, డబ్బిచ్చి పిలిచే పని. పని తక్కువ, స్క్రీన్‌షాట్లు అతికించి రిపోర్టు రాయడం ఎక్కువ. ఈ ఘట్టం చదివి ఆమె పుస్తకం మూసేసింది. “ఓటీపీ ఏదక్కా? మా అమ్మకి గ్యాస్ బండ ఇవ్వడానిక్కూడా ఓటీపీ అడుగుతారు. సగం ప్రపంచాన్ని గుప్పిట్లో పెట్టుకున్నోడికి అదన్నా ఉండొద్దా?”

అంత సస్పెన్సే కావాలంటే నిజం దగ్గర బోలెడుంది. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకును కొల్లగొట్టినవాళ్ళు అంతకు ఏడాది ముందే ఉద్యోగ దరఖాస్తుల ముసుగులో మెయిళ్ళు పంపి లోపలికి దూరారు. ఢాకాలో శుక్రవారం సెలవు కాబట్టి గురువారం రాత్రి పని మొదలెట్టారు. లావాదేవీలు అచ్చేసే బ్యాంకు ప్రింటర్ నోరు నొక్కేశారు. 95 కోట్ల డాలర్లకు గురిపెట్టి 8.1 కోట్లు పట్టుకుపోయారు. శ్రీలంకకు మళ్ళించిన 2 కోట్లు మాత్రం ఒక్క స్పెల్లింగ్ తప్పు వల్ల దొరికిపోయాయి. పాపం, అందులో ఒక్క ముద్దు సీను కూడా లేదు. రచయిత్రి కంట పడకపోవడంలో ఆశ్చర్యమేముంది?

వారపత్రికల సీరియల్ రోజుల్లో మన హీరోయిన్ టైపు లోయర్ పరీక్ష పాసై ఉంటే గొప్ప. అయినా ఎంత పెద్ద కారున్న హీరో వచ్చినా ఆ లోయర్ సర్టిఫికెట్ మాత్రం ఎటూ పోయేది కాదు.

సరే, అసలు ప్రతిపాదనకొద్దాం. హ్యాకింగ్‌కి ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద 3 ఏళ్ళ దాకా జైలో, 5 లక్షల దాకా జరిమానానో, రెండూనో ఉన్నాయి. ఇంత శ్రమ దేనికి? ప్రతి కంపెనీ ఓ హీరోని జీతానికి పెట్టుకుంటే సరి. అర్హతలు: ఆరడుగుల ఎత్తు, గతంలో ఓ విషాదం, చొక్కా తడిసినా జలుబు చేయని ఒళ్ళు. చిక్కల్లా ఒక్కటే. ఎలక్ట్రానిక్ సిటీలో సర్వర్ మీద దాడి మొదలైందని కబురందుకుని హీరో బయల్దేరి, సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ దాటేలోపు హ్యాకరమ్మ పని ముగించుకుని, ఆంధ్రా మెస్సులో పప్పూ ఆవకాయా కలుపుకుని తిని, చెయ్యి కూడా కడిగేసుకుంటుంది.

మూడో భాగం వస్తోందట. అందులో ఆ దంపతులకు పాప పుడుతుందని వెనక అట్ట మీదే వేసేశారు. విలన్లు ఇక నిశ్చింతగా పాస్‌వర్డ్ 1234 పెట్టుకోవచ్చు.