పది కిలోల ఆశ, మూడో రోజు చూపు

ఆస్పిరేషన్‌కీ విజన్‌కీ తేడా ఏమిటంటే ఆఫీసుల్లో లైట్లార్పి, తెర దించి, గంటన్నర చెబుతారు. అంత హంగామా అక్కర్లేదు. మే నెలలో ఏదో ఒక ఆదివారం పొద్దున్నే రైతుబజారులో ఆవకాయ కాయ కొట్టేచోట పది నిమిషాలు నిలబడితే చాలు. సంచీలో పది కిలోల కాయతో, మొహంలో పెళ్లికళతో నిలబడ్డాయనది ఆశ. కత్తి ఎత్తినది ఎత్తినట్టే ఆపి, "ఇంట్లో తినేవాళ్లు ఎంతమందండీ?" అని అడిగిన ఆవిడది చూపు.

విజన్ అనే మాట మన నోళ్లలో బాగా నలిగింది 1999లో, ఉమ్మడి రాష్ట్రం 'విజన్ 2020' పత్రం తెచ్చినప్పుడు. రైతుబజార్లూ ఆ ఏడే తెరిచారు, కాబట్టి రెండింటికీ చుట్టరికం లేకపోలేదు. ఆస్పిరేషన్‌కి ఆ యోగం 2018లో గానీ పట్టలేదు. వెనకబడ్డ జిల్లాలను అలా అనడానికి మొహమాటపడి కేంద్రం 'ఆస్పిరేషనల్' జిల్లాలంది. అప్పటి జాబితాలో ఆంధ్రనుంచి విశాఖ, విజయనగరం, కడప. తెలంగాణనుంచి ఆసిఫాబాద్, భూపాలపల్లి, ఖమ్మం. ఉన్నచోటు చెప్పడానికి సిగ్గేస్తే, వెళ్లదలచిన ఊరి పేరు చెప్పడం అన్నమాట.

కాయ దగ్గరికొద్దాం. కిలో ముక్కలకు పావుకిలో కారం, పావుకిలో ఆవపిండి, 200 గ్రాముల ఉప్పు, దగ్గరదగ్గర అరలీటరు పప్పునూనె, ఒక చెంచా మెంతులు, ఒక చెంచా పసుపు. అన్నీ కలిస్తే రెండు కిలోలు దాటుతుంది. పది కిలోల ముక్కలు పెడితే ఇరవై కిలోల పైమాటే. ఇంట్లో ఇద్దరు, మనిషికి రోజుకు 20 గ్రాములు వేసుకున్నా ఆ జాడీ అడుగు కనబడడానికి ఏడాదిన్నర పడుతుంది. ఈలోపు మళ్లీ మామిడికాయలొస్తాయి, మళ్లీ ఆశ పుడుతుంది. ఈ లెక్క కాయ కొనకముందు వేస్తే విజన్. కొట్టించాక వేస్తే అపార్ట్‌మెంట్లో నాలుగు అంతస్తులవాళ్లకీ సీసాలు పంచడం.

కాయ చూడడంలోనే సగం పని అయిపోతుంది. పుల్లగా, గట్టిగా, టెంక ముదిరి ఉండాలి. లేతకాయైతే ముక్కను పట్టి ఉంచేందుకు టెంక ఉండదు. నెల తిరిగేసరికి మెత్తబడి పప్పులో మామిడికాయలా తేలుతుంది. లోపల పసుపు తిరిగిన దోరకాయ అంతకన్నా దగాకోరు. పైకి పచ్చగా నవ్వుతుంది, జాడీలోకి వెళ్లాక తియ్యబడుతుంది. కడగడం కాయగా ఉన్నప్పుడే. ముందే కడిగి, తుడిచి, ఆరబెట్టి, ఆ తర్వాత కొట్టించాలి. కొట్టించిన ముక్కలను శుభ్రత కోసం కుళాయి కింద పెట్టేవాళ్లు ఏటా ఉంటారు. వాళ్ల జాడీలో మూడు వారాలకు తెల్లటి బూజు ముగ్గు వేస్తుంది. ముక్కకు తడిగుడ్డ కూడా తగలకూడదు. టెంకలోని జీడి తీసి, లోపలి పల్చటి పొర గీకి, పొడిబట్టతో ఒక్కొక్కటీ తుడవడమే. పది కిలోల ఆశ సాధారణంగా ఈ తుడిచే దగ్గర, మూడో కిలోకి, నడుం పట్టుకుని కూర్చుంటుంది.

తర్వాత ఫోను.

"ఒరేయ్, కారం గ్లాసు, ఆవపిండి గ్లాసు, ఉప్పు గ్లాసుకి వేలెడు తక్కువ. గుర్తుంటుందా?"

"ఉంటుందమ్మా. ఏ గ్లాసు?"

"మనింట్లో గ్లాసేరా!"

మనింట్లో గ్లాసు తెనాల్లో ఉంది, అబ్బాయి కూకట్‌పల్లిలో ఉన్నాడు. నిజానికి అతను అడగాల్సింది గ్లాసు గురించి కాదు. ముక్కలు సహా అన్నీ ఒకే గ్లాసుతో కొలిచినంతసేపూ ఏ గ్లాసైనా ఒకటే. అడగాల్సింది ఏ ఉప్పు అని. అమ్మ చెప్పేది ఎండబెట్టి, బరకగా దంచిన కల్లుప్పు. గ్లాసులో పలుకుకీ పలుకుకీ మధ్య గాలి ఉంటుంది. అబ్బాయి పోసేది ప్యాకెట్టు సన్న ఉప్పు. సందు లేకుండా సర్దుకు కూర్చుంటుంది. గ్లాసు అదే, బరువు ఎక్కువ. ఆ ఆవకాయ తిన్నవాడు రాత్రంతా మంచినీళ్ల బిందె పక్కనే పడుకోవాలి. తూకం వేసుకుంటే ఈ బాధ లేదు. బీపీ అని ఉప్పు సగానికి కోసేవాళ్లది మరో రకం ప్రమాదం. ముక్కలో నీరు బయటికి లాగేదీ, బూజును రానివ్వకుండా కాపలా కాసేదీ ఉప్పే. కాపలావాడికి సగం జీతమిస్తే అతనూ సగం రాత్రే మేలుకుంటాడు.

పొడులన్నీ కలిపి, ముక్కను నూనెలో ముంచి, పొడిలో దొర్లించి జాడీలో వేస్తూ పోవాలి. మిగిలిన పొడి పైన చల్లి, మిగిలిన నూనె పోసి, జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టేయాలి. అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. పోసిన నూనెంతా ఆవపిండి తాగేసి, సాయంత్రానికి జాడీ ఎండిపోయిన చెరువులా ఉంటుంది. ఆశపరుడికి కాళ్లాడవు. గంటకోసారి వాసెన విప్పి, గరిటె పెట్టి, ఇంకో లీటరు గుమ్మరిస్తాడు. చూపున్నావిడ జాడీ వంక కూడా చూడదు. ఉప్పుకు ముక్క ఊట వదలాలి, పిండి నానాలి, దానికి మూడో రోజు రావాలి. ఆ రోజు అడుగునుంచీ కలిపి, ఉప్పు చూసి, నూనె ముక్కల మీద ఒక అంగుళం నిలిచేదాకా పోస్తే గాలి తగలదు. కలిపిన రోజు చేదుగా ఉందని చెట్టు కింద పారబోసినవాళ్లూ లేకపోలేదు. అది కొత్త ఆవ కనరు, ఊరితే పోతుంది. మిక్సీని ఆపకుండా తిప్పి ఆవాలను వేడెక్కించిన చేదు మాత్రం సంక్రాంతికీ పోదు. ఆగి ఆగి తిప్పాలి.

డాక్టర్ల దగ్గర ఈ రెండు మాటలకూ వేరే అర్థాలున్నాయి. వాళ్లకు విజన్ అంటే కంటిచూపు, ఆస్పిరేషన్ అంటే మెతుకు దారి తప్పి ఊపిరి గొట్టంలోకి పోవడం. ఆవకాయ రెండు వైద్య విభాగాలకూ న్యాయం చేస్తుంది. కలిపిన చేత్తో, నీళ్లతో కడిగానుగా అని కన్ను నులిమితే పావుగంట విజన్ ఉండదు. కారం మంట నీళ్లకు కరగదు, ముందు నూనె రాసుకుని ఆ తర్వాత సబ్బు పెట్టాలి. ఇక కొత్తావకాయ, వేడన్నం, వెన్నపూస కలిపిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు సరిగ్గా..." అని మొదలుపెడితే మాట పూర్తికాదు. పొలమారుతుంది. నెత్తిన తట్టి, నీళ్లిచ్చి, ఎవరో తలుచుకుంటున్నారంటారు.

ఎవరో ఏమిటి, అమ్మే. ఫోను కూడా అప్పుడే మోగుతుంది: "ఒరేయ్, ఇంతకీ ఏ ఉప్పేశావు?"