200 మెగాపిక్సెల్ ఫోన్ కొంటే కెమెరా పాత సామాన్లకి వేసేయొచ్చా?

మా చుట్టాల గ్రూపులో ఈ వారం మూడోసారి తిరుగుతోంది: "200 మెగాపిక్సెల్ ఫోన్ ముందు 24 మెగాపిక్సెల్ డీఎస్ఎల్ఆర్ దండగ, ప్రతి పిక్సెల్ అన్ని రంగులూ పట్టేస్తుంది, ఐఎస్ఓ పెంచితే సెన్సర్ ఎక్కువ వెలుతురు లాగుతుంది, ఒక్క పిక్సెల్ చెడినా సెన్సర్ పోయినట్టే." నాలుగూ తప్పే.

దండగ సంగతి ముందు. సెన్సర్ అంటే కెమెరాలో కాంతిని పట్టే చిప్. 200 మెగాపిక్సెల్ ఫోన్లలో వాడే సామ్‌సంగ్ హెచ్‌పీ2 సెన్సర్లో (2023) పిక్సెల్ అడ్డం కొలత 0.6 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నికాన్ డీ750 అనే 24 మెగాపిక్సెల్ డీఎస్ఎల్ఆర్ కెమెరాలో సుమారు 6 మైక్రాన్లు. పదింతలేగా అనుకోకండి, వైశాల్యంలో అది వందింతలు. సెన్సర్‌ని తయారుచేసే సిలికాన్ మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు ఊడతాయి, వాటిని పోగేసి కొలవడమే సెన్సర్ పని, అంటే వానలో గంగాళం పెట్టామా టీ గ్లాసు పెట్టామా అన్నట్టు. గ్లాసులు ఎక్కువ పెడితే సరి అంటారా, ఫోన్ వాకిలే చిన్నది: డీ750 సెన్సర్ వైశాల్యం ఫోన్ సెన్సర్‌కి దాదాపు 12 రెట్లు. పైగా కాంతికి ఒక గుణముంది, వాన చినుకుల్లాగే లెక్కగా కాక ఎక్కువ తక్కువగా పడుతుంది. 10,000 ఎలక్ట్రాన్లు పోగైతే అటూఇటూ 100 తేడా వస్తుంది, అంటే 1 శాతం. 100 మాత్రమే పోగైతే తేడా 10, అంటే 10 శాతం. చీకటి ఫోటోల్లో కనిపించే ఇసుక రవ్వలు చాలావరకు ఇవే. అందుకే చీకట్లో ఫోన్‌లోని ఆ హెచ్‌పీ2 సెన్సర్ 16 పిక్సెళ్లని కలిపి ఒకటి చేసి 12.5 మెగాపిక్సెల్ ఫోటో ఇస్తుంది. ఎండలో వివరాలు బాగా వస్తాయి, అది ఒప్పుకుంటాను.

రంగులా? సిలికాన్‌కి రంగు తెలీదు. కోడక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో పేటెంట్ వచ్చిన పద్ధతే ఇప్పటికీ ఎక్కువగా నడుస్తోంది: ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండింటి మీద ఆకుపచ్చ ఫిల్టర్, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం. మిగతా రంగులు పక్కవాటిని చూసి వేసే అంచనాలు.

కెమెరాలో ఐఎస్ఓ అనే సెట్టింగ్ అంటే వచ్చిన సిగ్నల్‌ని పెంచడం, అంతే. మైకు సౌండు పెంచితే పాడేవాడికి గొంతు రాదుగా.

ఇక చెడ్డ పిక్సెళ్లు. ఫ్యాక్టరీలో సెన్సర్‌ని పూర్తి చీకట్లోనూ, అంతటా సమానంగా పడే వెలుతురులోనూ పరీక్షిస్తారు, తేడాగా ఉన్న పిక్సెళ్లని నమోదు చేసుకుని పక్కవాటి విలువలతో కప్పేస్తారు. హద్దు దాటితేనే పక్కన పడేస్తారు. వేడి పెరిగితే వెలుతురు లేకుండానే ఎలక్ట్రాన్లు ఊడతాయి కూడా. మొన్న మే నెలలో డాబా మీద నా పాత కెమెరాకి మూత పెట్టి 30 సెకన్ల ఫోటో తీస్తే, నల్లగా రావాల్సింది ఎర్రవీ నీలివీ చుక్కలతో వచ్చింది. డిసెంబరు తెల్లవారుజామున అక్కడే తీసిన దాంట్లో చాలా చుక్కలు మాయం. రెండు ఫోటోలూ గ్రూపులో పెట్టాను. ఫార్వర్డ్ పంపిన బాబాయి చూసి, "నీ కెమెరా పాడైందిరా, త్వరగా అమ్మేయ్" అన్నాడు.