ఆ రాయికి పట్టా ఉందా?

గుంటూరు పక్కన ఓ కొండ నెత్తిన నిటారుగా నిలబడ్డ రాయి మీద అధికారులు వెంటనే దృష్టి పెట్టాలి. ఇనుప యుగంలో ఎవరో చనిపోతే గుర్తుగా పాతారట. పట్టా లేదు, పాస్‌పుస్తకం లేదు, శిస్తు కట్టిన దాఖలా లేదు. సెంటు జాగా కోసం అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కే జిల్లాలో ఇంత ధైర్యంగా ఆక్రమణా?

పోనీ ఏమైనా పనికొస్తుందా? బొడ్రాయి ఊరిని కాపాడుతుంది. సర్వే రాయి రాత్రికి రాత్రి రెండడుగులు జరిగి రెండు తరాల లాయర్లను పోషిస్తుంది. ఈ రాయి ఊరికే నిలబడుతుంది. నడుమెత్తు దాకా మేకలు వీపు రుద్దుకుని నున్నగా మెరుస్తోంది. ఆ పైన ఎవడో మేకుతో తన పేరూ, ఇంకో పేరూ, మధ్యలో బాణం గుచ్చిన గుండె చెక్కాడు. ఇన్ని వేల ఏళ్లకు దానికి అక్షరాభ్యాసం జరిగింది, సంతోషం. రాయి మొదలు దగ్గర నిమ్మకాయలూ, కొత్తగా తీసిన గొయ్యీ ఉన్నాయి. పురావస్తు శాఖ రాకముందే గుప్తనిధులవాళ్లు తవ్వకాలు మొదలెట్టేశారు!

పాత కట్టడాలను కాపాడే చట్టం లేదా అంటే ఉంది. 1958 నాటిది. 2010లో సవరించి, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అన్నారు. కాకపోతే జాబితాలో పేరుండాలి. పేరు లేని రాయికి వర్తించేది పొక్లెయినే.

ఎగువన ఇదే కృష్ణ ఒడ్డున, తెలంగాణలోని ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. మనకంత తొందర లేదు. అమరావతి దీపాలదిన్నె బౌద్ధ స్తూపం పలకల్ని కట్టడాలకు వాడేసుకున్నాం, మిగిలినవాటిలో చాలా మటుకు చెన్నై, లండన్ మ్యూజియాలు చూసుకుంటున్నాయి.

ఖాళీ చేయించడం కుదరకపోతే నాదో సిఫారసు. ఓ రాత్రి ఎవరూ చూడకుండా రాయికి పసుపు రాసి బొట్టు పెట్టండి. తెల్లారేసరికి అమ్మవారు వెలుస్తుంది. వారానికి రేకుల షెడ్డు, నెలకు హుండీ, ఎన్నికల నాటికి సిమెంటు మెట్లు. గొయ్యి తీసినవాడే కొబ్బరికాయ పట్టుకొస్తాడు, పొక్లెయిన్ డ్రైవరు చెప్పులు కిందే విడిచి కొండెక్కుతాడు. గర్భగుడికి పక్క కొండను పగలగొట్టి తెచ్చిన గ్రానైటు పరిపిద్దాం. చందా పుస్తకం అచ్చయితే మొదటి రసీదు నాకే రాయండి, 116 రూపాయలు.