ఇనవడుతుందా సారూ?

మా బృందం ఇప్పటిదాకా ఏ అడ్డంకీ లేకుండ పాడిన పాట ఒక్కటే. పల్లవి: ‘ఇనవడుతుందా?’ అనుపల్లవి: ‘ఆఁ, ఇనవడుతుంది. మరి నాది ఇనవడుతుందా?’ చరణం ఇంకా రాలేదు. ప్రతి ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఎవరిండ్ల వాళ్లం ఉండి, వీడియో కాల్‌ల ఎత్తుకుంటం, తొమ్మిదింటికి ఎవరిదో ఒకరి చార్జింగ్ అయిపోతే మంగళం పాడుతం.

బృందమంటే నలుగురం. మిర్యాలగూడల హార్మోనియం సారు, నారాయణపేటల డోలక్ అన్న, ముంబైల డప్పు తమ్ముడు, పాలమూరుల తాళాలు పట్టుకొని నేను. తాళాలే ఎందుకంటే నాకు వేరే ఏవీ రావు. వీళ్లను దొరకబట్టుడుకు ఆరు నెలలు పట్టింది. ‘భజనలకు, జానపదాలకు తోడు కావలె’ అని ఫోన్ల పెడితే ముందు వచ్చినోళ్లంతా కీబోర్డు వాళ్లే. ఒకాయన ప్యాకేజీ ఎంత అని అడిగిండు. ఒక డీజే పిలగాడు మాత్రం మనసున్నోడు. ‘అన్నా, పాటలన్నీ నా పెన్‌డ్రైవ్‌ల ఉన్నయ్, మీరు ఊకె నిలవడి చేతులూపుండ్రి’ అన్నడు.

ఇగ శాస్త్రం సంగతి. గాలిల చప్పుడు సెకనుకు సుమారు 340 మీటర్లు పోతది. అంటే పది మీటర్ల అవతల కూసున్నోని దెబ్బ మన చెవులవడ్డానికి 30 మిల్లీ సెకన్లు. గర్భగుడి గడప నుంచి ధ్వజస్తంభం దాకా అనుకోండి. ఆ మాత్రం ఎడంతోటి లయ ఎట్లనో నిలుస్తది, అది దాటితే జారుడే. మరి ఫైబర్ తీగల వెలుతురు సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు ఉరుకుతది. పాలమూరు నుంచి హైదరాబాదు నూరు కిలోమీటర్లు, అర మిల్లీ సెకను చాలు. ఆ లెక్కన నా తాళం సారుకు ఎప్పుడు చేరాలె? ఎప్పుడు చేరుతుందంటే, ఆయన ‘రామా’ అని నీళ్లు తాగి, చెంబు కింద పెట్టినంక.

తప్పు వెలుతురుది కాదు. ఫోను చప్పుడును ముక్కలు కోసి, మూటలు కట్టి పంపుతది. వైఫైల ఆ మూటలు ఒకటి ముందు ఒకటి వెనక వస్తయి గనుక, అవతలి యాప్ కొన్నింటిని కుప్పేసుకొని తీరిగ్గ విప్పుతది. వీటన్నిటి మీద డోలక్ అన్న చెవిల బ్లూటూత్. అది ఒక్కటే నూరు మిల్లీ సెకన్లకు పైన తింటది. తియ్యమంటే తియ్యడు, అల్లుడు పెట్టిన కానుకనట. ఆయన దెబ్బ కోసం నేను ఆగుత, నా దెబ్బ కోసం ఆయన ఆగుతడు. పీర్ల పండుగ ఉరుకుడుతోటి మొదలైన పాట, మూడో చరణం ఊహించే లోపల సావు మేళమైతది.

మందు లేదా అంటే ఉన్నది. జామ్యులస్, సోనోబస్ అని దూరం నుంచి నెట్‌ల కలిసి వాయించే యాప్‌లున్నయ్, పైసా అడగవు. కంప్యూటరుకు నెట్ తీగ, చెవులకు తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు ఉంటే చాలు. మా నలుగురి దగ్గర కలిపి ఉన్న తీగ ఒక్కటే, అది సారు టేబుల్ ఫ్యానుది. నింజామ్ అని ఇంకోటుంది, అది ఆలస్యాన్ని దాచిపెట్టదు, పెంచి నిండుగ ఒక ఆవర్తం చేస్తది. మీ వాయింపు అవతలోనికి తర్వాతి ఆవర్తంల ఇనవడుతది. పోయినేడు పెండ్లిల అన్న మాటకు ఈయేడు పెండ్లిల జవాబు చెప్పే చుట్టాలు మనకు కొత్తనా?

అసలు సంగతి మా డప్పు తమ్మునిది. డప్పును కాపందే మోగదు, తోలు మంటకు బిగుసుకోవాలె. ఆయన బిల్డింగ్ కట్టే కాడ రేకుల గదిల ఉంటడు. ఎనిమిదిన్నరకు సిమెంటు సంచి కాగితాలు మండబెట్టి, డప్పు కాపి, సిర్ర సిటికెన పుల్ల పట్టుకొని కూసుంటడు. అప్పుడు సారు ‘ఇనవడుతుందా?’ అంటడు. ‘ఇనవడుతుంది సారూ.’ డోలక్ అన్న ‘హలో’ అంటడు. సారు ‘నువ్వు మ్యూట్ల ఉన్నవ్’ అంటడు. అన్న మ్యూట్ తియ్యబోయి కాల్ తీసేస్తడు. మళ్ల కలుపుతం. ఈ లోపల సారు కోడలు, చాయ్ పెట్టాల్నా అని అడుగుతది, ఆమె మాట మాత్రం అద్దం లెక్క ఇనవడుతది. ‘సారూ, డప్పు సల్లారింది’ అని తమ్ముడు మంట కాడికి పోతడు. వచ్చేసరికి నా నెట్ పోతది. ఒక రాత్రి ఆయన నాలుగు సార్లు కాపిండు, మేము నాలుగు సార్లు సల్లార్చినం. అయిదోసారి ‘అన్నా, సంచులు అయిపోయినయ్’ అన్నడు.

ఆఖరికి ఒకనాడు అన్నీ కుదిరినయ్. తమ్ముడు దరువెత్తిండు. తెర మీద చెయ్యి ఆడుతుంది, చప్పుడు లేదు. మొదటి దెబ్బ ‘టక్’మని, ఆ తర్వాత ఉత్త గాలి. ఆ కాల్ యాప్‌ల ‘నాయిస్’ తీసేసే ఏర్పాటు ఉన్నదట. మనిషి గొంతు ఉంచి తక్కినదంతా తుడిచేస్తదట. కోడలి చాయ్ మాట ఉంచింది. డప్పును తుడిచింది.

ఇక్కడ నాకు నవ్వు రాదు. డప్పును ఊరి అవతల పెట్టినం. సావుకు, జాతరకు, దండోరాకు పిలిచి, మెతుకులు దూరం నుంచి ఏసినం. పెండ్లికి డీజే బాక్సులు తెచ్చి ఆ కాస్త కూలీ కూడ గుంజుకున్నం. పాలమూరుల పనిలేక ముంబై బస్సెక్కితే, ఊరు ఖాళీ అయిందని మనమే పాటలు కట్టినం. పక్క వాడకట్టున కూసొని వాయించాల్సినోణ్ణి అంత దూరం తోలి, ఇప్పుడు ఫోన్ల ఎతుకుతున్నం! ఎతికి పట్టుకుంటే మిషిను కూడ అదే మాట చెప్తుంది, నీది చప్పుడు, సంగీతం కాదని. దానికెవడు నేర్పిండ్రా ఈ తీర్పు? సిగ్గుండాలె. ఆలస్యానికి ఒక మనిషి ఓర్చుకోవచ్చు. దీనికెందుకు ఓర్చుకోవాలె?

సెట్టింగ్‌లల్ల ఎక్కడో అడుగున ఆ మీట దొరికింది, బందు పెట్టినం. వెంటనే తమ్ముని గది అంతా మా ఇండ్లలకు వచ్చింది. కాంక్రీట్ మిల్లర్, ఎవరో హిందీల తిట్టుడు, గిన్నెలు, వాటి నడుమ డప్పు. ఆలస్యంగనే వచ్చింది, తాళం నాది ఎటో పోయింది. సారు హార్మోనియం ఆపి శానసేపు ఊకున్నడు. ఇనవడుతుందా అని ఆ రాత్రి ఎవరూ అడుగలేదు.

వచ్చే ఆదివారం ఆడ స్లాబ్ ఉందట, తమ్ముడు రాడు. డోలక్ అన్నకు అల్లుడు ఇంకో బ్లూటూత్ కొనిచ్చిండట.