ఏడాదికి సరిపడా కొనమనేవాళ్లు చెమ్మ సంగతి ఎందుకు చెప్పరు?

పొదుపు గురించి చెప్పే ప్రతివాళ్లదీ ఒకటే పాట. టోకున కొనండి, ఏడాది సరుకు ఒకేసారి దించుకోండి, కిలోకి పది రూపాయలు మిగులుతాయి. లెక్క తప్పు కాదు. కానీ ఆ సలహా అనంతపురంలో నిలిచినట్టు అమలాపురంలో నిలవదండీ. మనవి గోదావరి పాయల మధ్య ఊళ్లు. జూన్‌లో మొదలైన ముసురు ఒక పట్టాన వదలదు, అది తెరిపిచ్చేసరికి అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు. గోడకి చెమ్మ, ఉప్పుకి చెమ్మ, అగ్గిపెట్టెకి చెమ్మ. పది రూపాయలు తగ్గిందని 5 కిలోల పెసలు కొంటే మిగిలేది 50 రూపాయలు. అందులో కిలో పుచ్చిపోతే ఆ 50 పోగా ఇంకా కొంత చేతినించి పోయినట్టే. మన దగ్గర చాలా ఇళ్లలో డబ్బు కారిపోతున్నది కొట్టు దగ్గర కంటే వంటింటి అరలోనే ఎక్కువని నా గట్టి అభిప్రాయం.

దీనికి విరుగుడని అందరూ చూపించేవి గాలి చొరబడని డబ్బాలు. ఆరు డబ్బాల సెట్టు, తొమ్మిది డబ్బాల సెట్టు. మూత ఎంత బిగుతైతే అంత గొప్ప. లోపల పోసిన సరుకు నిజంగా ఎండి ఉంటేనే ఆ బిగుతు మేలు చేస్తుంది. సగం ఎండిన మినుములు పోసి మూత బిగించారనుకోండి, ఆ తడి పోయే దారి లేక రాత్రి చల్లబడగానే మూత అడుగున చుక్కలు కడుతుంది, మర్నాటి నుంచి పై పొర బూజు. అలాంటి సరుకుకి గోనెసంచే నయం, కనీసం ఊపిరాడుతుంది. పాతవాళ్లు ధాన్యానికి గడ్డితో పేనిన వెంటి, అంటే లావాటి తాడు, చుట్టి పురి కట్టింది అందుకే.

ఎండిందో లేదో తేల్చుకోవడానికి మీటరు అక్కర్లేదు. తడిలేని గాజు సీసా ఒకటి తీసుకోండి. రెండు చెంచాల మెత్తటి ఉప్పు పెనం మీద వేడిచేసి, చల్లార్చి అందులో వేయండి. మూడో వంతు వరకు గింజలు పోసి, మూత పెట్టి ఒక నిమిషం బాగా కుదపండి. పది పదిహేను నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఉప్పు సీసా గోడలకి అంటుకుని ఉంటే గింజలో తేమ 15 శాతం దాటిందని అర్థం, మళ్లీ ఎండలో పోయాల్సిందే. పొడిపొడిగా అడుగుకి జారితే 15 లోపు ఉన్నట్టు. ముసురు పట్టిన రోజున ఈ పరీక్ష పెట్టకండి, మీరు మూత తీసి పెట్టేలోపు ఉప్పే గాలిలో తడిని పీల్చి అబద్ధం చెబుతుంది.

బియ్యం దగ్గర కాస్త ఆగాలి, ఇంటి ఖర్చులో పెద్ద ముద్ద అదే కదా. నెలనెలా 25 కిలోల సంచి కొనే బదులు రైతు దగ్గర ధాన్యం తీసుకుని ఆడించుకోవడం డెల్టాలో ఇప్పటికీ కుదిరే పనే. ఊక ఉన్నంతకాలం గింజకి పురుగు తొందరగా పట్టదు, బియ్యంగా మారితే ఆ కవచం పోతుంది. అందుకని ధాన్యంగా దాచుకుని, ఇంటి వాడకాన్ని బట్టి నెలకో రెండు నెలలకో ఒక బస్తా ఆడించుకోవాలి. మన బస్తా 75 కిలోలు. పచ్చిబియ్యంగా ఆడిస్తే మిల్లుని బట్టి, గింజని బట్టి సుమారు 45 నుంచి 50 కిలోల బియ్యం వస్తుంది, పైన నూకలు, తవుడు. తవుడు ఉంచుకుని ఆడింపు కూలి తగ్గిస్తానని మిల్లువాడంటే పశువు లేని ఇంటికి అది మంచి బేరమే. నూకలు మాత్రం వదలకండి. దిబ్బరొట్టెకీ, ఉప్మాకీ, జావకీ విడిగా రవ్వ కొనడం తప్పుతుంది.

తిండికి సార్వా, అంటే వానాకాలం పంట ధాన్యమే చూసుకోండి. దాళ్వా, అంటే రెండో పంట ఏప్రిల్ ఎండల్లో కోతకొస్తుంది, గింజ లోపల పగుళ్లు వచ్చి పచ్చిబియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ. అది ఎక్కువగా ఉప్పుడు బియ్యానికి పోయేది అందుకే. 1982లో మన మార్టేరు పరిశోధన స్థానం విడుదల చేసిన స్వర్ణ వరి రకం, అదే 7029, గింజ మరీ సన్నం కాదని ముఖం తిప్పుకునేవాళ్లున్నారు. అయిదారు నెలలు పాతబడ్డాక దాని అన్నం ఒదుగు చూసి మాట్లాడమనండి.

మోసపోయేది తూకం దగ్గర. కోత యంత్రం నుంచి నేరుగా వచ్చిన ధాన్యంలో తేమ 20 శాతం ఉందనుకుందాం. ఆ 75 కిలోల బస్తా 13 శాతానికి ఆరేసరికి 69 కిలోలవుతుంది. ఆ ఆరు కిలోలకి మీరు ధాన్యం రేటిచ్చి నీళ్లు కొన్నారు. ప్రభుత్వ కొనుగోలుకే గరిష్ఠం 17 శాతం. ఇంట్లో నెలల తరబడి దాచేదానికి అది కూడా ఎక్కువే, 13 దగ్గరికి రావాలి. కాబట్టి కోతల హడావిడిలో కొనకండి. సంక్రాంతి దాటాక, రైతు ఆరబెట్టుకుని ఉంచినది, గింజ పంట కింద పెడితే పటుక్కుమని విరిగేది కొనండి. మెత్తగా నలిగితే ఇంకా పచ్చే. ఇక తుపానుకి తడిసి రంగు మారిన ధాన్యం సగం ధరకి వచ్చినా తిండికీ నిల్వకీ వద్దు. అన్నం వాసనేస్తుంది, నూకైపోతుంది, బూజు విషం ఉంటే ఉడికించినా పోదు.

ఎండబెట్టడంలోనూ తొందర పనికిరాదు. రెండంగుళాలకి మించకుండా పరిచి గంటకోసారి కాలితో దున్నినట్టు తిరగేయాలి. కాలిపోయే తారు రోడ్డు మీద పల్చగా పోస్తే పైన గబగబా ఎండి లోపల పగులుతుంది, మిల్లులో నూకగా బయటపడుతుంది. మంచు దిగకముందే, నాలుగింటికల్లా ఎత్తేయాలి. ఎత్తినది వేడివేడిగా డ్రమ్ములో పోయడమే చాలామంది చేసే తప్పు. వేడి గింజ రాత్రి డ్రమ్ములోనే చెమట పోస్తుంది. నీడలో పరిచి, చెయ్యి పెడితే చల్లగా తగిలాక పోయండి. బియ్యానికీ, పప్పులకీ, కారానికీ ఇదే సూత్రం.

డ్రమ్మైనా సంచైనా నేల మీద పెట్టకండి. మన నేల అడుగునుంచి తడి పైకి పాకుతుంది, ఆపైన చల్లటి గచ్చు మీద గాలిలో తేమ నీరుగా దిగుతుంది. నాలుగు ఇటుకలు, వాటి మీద చెక్క పలక, గోడకి బెత్తెడు ఎడం. ఇంతే ఖర్చు. గ్యాసు సిలిండరుకీ ఇదే పెట్టండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి సిలిండరు అడుగు తుప్పు పట్టి గచ్చు మీద గుండ్రటి మరక పడుతుంది, మరక కంటే తుప్పు ప్రమాదం.

పురుగు మందుల దగ్గర ఒక్క మాట. బియ్యంలో బోరిక్ పౌడర్ కలపడం పొదుపు కాదు, పొట్టలోకి మందు పోయడం. సెల్ఫాస్ బిళ్లలు ఇంట్లోకి అసలు రానివ్వకండి. చెమ్మగాలి తగిలితే వాటినుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది, మూసిన గదిలో పడుకున్న మనుషుల్నే చంపుతుంది. వేపాకు వేస్తామంటే వేయండి, నీడలో గలగలలాడేలా ఎండాక మాత్రమే. పచ్చి వేపాకు వేయడమంటే బియ్యానికి తడి మనమే పెట్టడం.

పప్పుల్లో పుచ్చు పట్టేది ఎక్కువగా గుండు గింజకి: పెసలు, మినుములు, అలసందలు. పురుగు గుడ్డు చాలావరకు చేను దగ్గరే అంటుకుని వస్తుంది, డబ్బాలో దానంతటది పుట్టదు. కాబట్టి కొనగానే డబ్బాలో పోస్తే ఆ గుడ్లని భద్రంగా దాచిపెట్టినట్టే. మంచి ఎండలో నల్ల టార్పాలిన్ మీద పల్చగా పరిచి పైన లోపలి గింజ కనిపించే పారదర్శక పాలిథీన్ కప్పి అంచులకి రాళ్లు పెడితే లోపల వేడికి గుడ్డూ పురుగూ రెండూ చస్తాయి. విత్తనానికి ఉంచే గింజ మాత్రం అలా వేడి పెట్టకండి, మొలక చెడుతుంది. తర్వాత కిలోకి 5 మిల్లీలీటర్లు, అంటే చిన్న చెంచాడు ఆముదం అరచేతులతో ప్రతి గింజకీ అంటేలా పట్టించండి. నూనె రాసిన గింజ మీద పురుగు గుడ్డు నిలవదు. ఎక్కువ రాస్తే జిడ్డు, వాసన, వండే ముందు రెండు కడుగులు అదనం. గింజ విసిరించి పప్పు చేయించేస్తే పుచ్చు బెడద బాగా తగ్గుతుంది.

ఆవకాయ పాడైతే నింద ఎవరి మీదో వేయడం మనకి అలవాటు. ముట్టయిన మనిషి తాకితే బూజు పట్టదండీ, తడి గరిటె తాకితే పడుతుంది. సరిగ్గా తుడవని ముక్క, కడిగి ఆరకుండానే వాడిన జాడీ, నెమ్ము తగిలిన ఆవపిండి, అసలు దోషులు వీళ్లు. ఉప్పుని గ్లాసుతో కొలవడం ఇంకో దోషం. గ్లాసుడు కల్లుప్పు బరువు వేరు, గ్లాసుడు మెత్తటి ఉప్పు బరువు వేరు. తూచుకోండి: కిలో ముక్కలకి ఉప్పు, కారం, ఆవపిండి సుమారు 200 గ్రాముల చొప్పున. బీపీ ఉందని ఉప్పు తగ్గించి పట్టే ఆవకాయ మొదటి వానకే పాడవుతుంది, దానికంటే మామూలుగా పట్టి తక్కువ తినడం మేలు. మూడో రోజు కలిపాక నూనె ముక్కల మీద వేలు మందాన నిలవాలి. రోజువారీకి చిన్న సీసాలోకి తీసుకుని, పెద్ద జాడీ నెలకోసారి మాత్రమే విప్పండి. ఊరమిరపకాయలు, గుమ్మడి వడియాలు మేలోనే ముగించాలని వేరే చెప్పక్కర్లేదు.

కోనసీమ ఇళ్లలో చెట్టుకింద రాలిన కొబ్బరికాయలు మొలకొచ్చేదాకా పడి ఉంటాయి, అదే ఇంట్లో తలకి నూనె పాకెట్లు కొంటారు. కిలో ఎండు కొబ్బరికి ఇంచుమించు ఏడు కాయలు కావాలి, గానుగలో కిలోకి 600 గ్రాముల దరిదాపు నూనె వస్తుంది. కాయ పగలగొట్టిన పూటే చిప్పలు ఎండలో పడాలి, మబ్బు రోజున పగలగొట్టకండి. రెండు రోజులకి కొబ్బరి చిప్పని వదులుతుంది, తీసి ఇంకో అయిదారు రోజులు ఎండబెట్టి రాత్రిళ్లు లోపల పెట్టాలి. వంచితే సాగకుండా టక్కున విరగాలి. పచ్చగానో పసుపుగానో బూజు పట్టిన ముక్కని కడిగి కలపకండి, ఆ విషం నూనెలోకీ దిగుతుంది. కూరల్లో కొబ్బరినూనె మనవాళ్లు ముట్టరు, అది వేరే గొడవ.

ఇక పొయ్యి. కొబ్బరి డొక్కలు, మట్టలు ఊరికే వచ్చే వంటచెరకే, కానీ తడిగా ఉంటే మంటలో కొంత ఆ నీళ్లు ఆవిరి చేయడానికే పోతుంది, పైగా పొగ. మేలో ఎండినవి చూరు కింద పేర్చుకోకపోతే ఆగస్టులో మళ్లీ గ్యాసే గతి. గ్యాసు మీద అన్నం అత్తెసరు పెట్టండి. బియ్యం అరగంట నానబెట్టి, మూత పెట్టి, ఎసరు ఇగిరే సమయానికి పొయ్యి ఆర్పేస్తే మిగతాది గిన్నె వేడికే మగ్గుతుంది.

మన దగ్గర దండిగా దొరికే ఎండుగడ్డిని వంటకి వాడుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది. పెద్ద వెదురు గంపలో అడుగున, చుట్టూ జానెడు మందాన గడ్డి దట్టించండి. నడుమ గిన్నె సరిగ్గా పట్టే గూడు ఉండాలి. గోనెసంచిలో గడ్డి కుక్కి దిండులా కుట్టి పైకప్పు చేసుకోండి. నానిన కందిపప్పు పది నిమిషాలు తెర్లించి, మూతతో సహా గూట్లో దించి దిండు కప్పి గంటన్నర కదపకండి. మధ్యలో తీసి చూస్తే ఆ వేడి పోయినట్టే. గిన్నె ముప్పాతికైనా నిండాలి, అడుగున గ్లాసుడు పప్పు పెడితే చల్లారిపోతుంది. ఉలవల్లాంటి గట్టివాటికి ఇది చాలదు. దించిన పప్పు పొగలు కక్కేంత వేడిగా లేకపోతే మళ్లీ తెర్లించే తినండి. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న పప్పు మన వాతావరణంలో తొందరగా పులుస్తుంది. ముసురు పట్టినప్పుడు గడ్డి కూడా చెమ్మ లాగుతుంది. తడిసిన గడ్డి వేడి నిలపదు, ఎండ రాగానే గంప బోర్లించి గడ్డి మార్చండి.