నమ్మకం నాది, క్రెడిబిలిటీ ఆయనది

మొన్న ఎండాకాలం సంగతి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తేవడానికి మా బావ ట్రాలీ మాట్లాడుకుంటుంటే ఊళ్లో ఒకాయన ఆపి "రేపు మార్కెట్ బందటనే, ఎల్లుండి పో" అన్నాడట. ఆయన మాట ఎవరూ పట్టించుకోరు, గోరంత ఉంటే కొండంత చేసి చెప్పే మనిషి. మా బావ డిగ్రీ చదివినోడు కదా, నాకు ఫోన్ చేసి ఇంగ్లిష్‌లో తేల్చేశాడు, "ఆయనకు క్రెడిబిలిటీ లేదు బావా" అని. తెల్లారి పోతే గేటుకు తాళం. ట్రాలీ కిరాయి రెండుసార్లు పడింది.

అప్పటి నుంచి ఈ మాట ఎక్కడ వినపడినా చెవి అటే పోతోంది. ఇంగ్లిష్‌లో రోజూ దీన్ని ఎలా వాడతారో చూడండి. క్రెడిబిలిటీని సంపాదిస్తారు, పోగొట్టుకుంటారు, మళ్లీ కూడగట్టుకుంటారు, పేరున్న మనిషి వచ్చి పక్కన నిలబడితే తన క్రెడిబిలిటీని అరువిచ్చాడంటారు. మొత్తం పైసల భాషే. ఉత్తగనే కలిసింది కాదు ఇది, క్రెడిట్, క్రెడిబిలిటీ రెండూ నమ్మడం అనే అర్థమున్న ఒకే లాటిన్ క్రియ నుంచి వచ్చాయి. ఉద్దెర ఇచ్చేవాడు ముందు నమ్మాలి కదా మరి. ఇప్పుడు బ్యాంకు వాళ్లు ఆ నమ్మడాన్ని కూడా 300 నుంచి 900 మధ్య సిబిల్ స్కోరుగా మార్చి మన ముఖం చూడకుండానే తేల్చేస్తున్నారు. ఇన్‌క్రెడిబుల్ కూడా ఆ ఇంటి పిల్లే. ఒకప్పుడు నమ్మరానిది అని అర్థం, వాడగా వాడగా పొగడ్తయి, 2002లో మన దేశ పర్యాటక ప్రచారానికే పేరైంది. దాన్ని 'నమ్మరాని ఇండియా' అని తెలుగు చేసి చూడండి, వీసా కూడా ఎవరూ అడగరు.

మన దగ్గర దీనికి చుట్టం పరపతి. సహకార పరపతి సంఘం అని బోర్డు మీద ఉంటే పరపతి అంటే అప్పు. అదే "ఆయనకు హన్మకొండలో మస్తు పరపతి ఉంది" అంటే అప్పుతో పనిలేదు, ఫోన్ కొడితే పని అయిపోతుందని. పలుకుబడి కూడా అటే జరిగింది. విడదీసి చూస్తే పలికిన మాట చెల్లడం అన్నట్టుంటుంది గానీ, ఇప్పుడు ఎమ్మెల్యే దగ్గర పలుకుబడి ఉన్నోడు నిజం పలకాల్సిన అవసరమే లేదు. ఇక నిఘంటువులో ఉండే విశ్వసనీయత సంగతి సరేసరి, చాయ్ తాగుతూ ఆ మాట అన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

నాకు అసలు తేడా వ్యాకరణంలో కనపడింది. మనం "నాకు ఆయన మీద నమ్మకం పోయింది" అంటాం. అక్కడ పోయింది నాది, పోగొట్టుకున్నది నేను, కాబట్టి ఎందుకు పోయిందో అడిగితే నేనే చెప్పాలి. "ఆయన క్రెడిబిలిటీ పోయింది" అంటే పోయింది ఆయనది. ఎవరు నమ్మారు, ఎవరు మానేశారు, ఎప్పుడు మానేశారు, ఇదేదీ ఆ వాక్యంలో ఉండదు. నేను నమ్మను అని చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి, ఒక కారణమన్నా కావాలి. క్రెడిబిలిటీ లేదంటే మాత్రం ఊరంతా కూచుని పంచాయితీ చేసి తీర్పిచ్చినట్టు ఉంటుంది, అన్నవాడు తప్పుకుంటాడు. టీవీ చర్చల్లో ఎదుటివాడు ఏదన్నా లెక్క బయటపెట్టగానే ముందు "అసలు మీ క్రెడిబిలిటీ ఏంటి" అని లేస్తారు చూడండి, అక్కడ పని చేసేది ఇదే. లెక్క తప్పో ఒప్పో చూడాల్సిన పని తప్పిపోతుంది. (ఆ ప్రశ్నలో సగం మంది అడిగేది నిజానికి అర్హత గురించి. అది క్రెడెన్షియల్స్, వేరే మాట. పోనీయండి.)

అమెరికా వాళ్లు దీన్ని ఇంకా మర్యాదగా వాడుకున్నారు. 1960లలో వియత్నాం యుద్ధం గురించి అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం చెప్పేదానికీ జనం కళ్లతో చూసేదానికీ పొంతన లేకపోతే, పత్రికలు దానికి క్రెడిబిలిటీ గ్యాప్ అని పేరు పెట్టాయి. అధ్యక్షుడు అబద్ధమాడుతున్నాడు అని ముఖం మీద అనాల్సిన చోట గ్యాప్ అన్నారు, ఏదో గోడకు బీట వచ్చినట్టు.

క్రెడిబుల్ అంటే నిజం అనుకుంటే ఇంకా మోసపోతాం. మన పేపర్లో క్రైం వార్తలు చాలావరకు "విశ్వసనీయ సమాచారం మేరకు పోలీసులు" అనే మొదలవుతాయి. అది ఊరికే అలవాటైన మాట కాదు, చట్టంలో ఉన్నదే. వారెంట్ లేకుండా అరెస్టు చేయడానికి పాత నేర విచారణ ప్రక్రియ చట్టం సీఆర్పీసీ 41వ సెక్షన్‌లో చెప్పిన కారణాల్లో క్రెడిబుల్ ఇన్ఫర్మేషన్ ఒకటి, దాని బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 35వ సెక్షన్‌లోనూ ఉంది. దానర్థం నిజమని తేలిన సమాచారం అని కాదు, నమ్మదగ్గది అని మాత్రమే, నిజమో కాదో కోర్టులో తేలుతుంది. పేపర్ చదివేవాళ్లు మాత్రం పొద్దున్నే శిక్ష కూడా వేసేస్తారు. ఇంకో వాడుక చూడండి, క్రెడిబుల్ త్రెట్. బెదిరించేవాడు ఎంత పెద్ద దొంగైనా, అన్నంత పని చేయగలడనిపిస్తే ఆ బెదిరింపు క్రెడిబులే. మంచితనంతో పనే లేదక్కడ.

స్ట్రీట్ క్రెడ్ అని ఇంకోటుంది, డిగ్రీతోనూ టై కట్టుకుంటేనూ వచ్చేది కాదది, బస్తీ కుర్రాళ్లు మనోడే అనుకుంటేనే వచ్చేది.

మార్కెట్‌లో రైతులు మాట్లాడుకునేది వినండి. "ఆయన కాంటా నమ్మొచ్చు, రేటు నమ్మొద్దు" అంటారు ఒక అడ్తిదారు గురించి. అదే మనిషి, ఒక విషయానికి నమ్మదగ్గోడు, ఇంకో విషయానికి కాదు. ఆయన దగ్గరికే పదేళ్లుగా పత్తి తెస్తారు, అమ్మకం లెక్క రాసిచ్చే తక్‌పట్టీ చేతికి రాగానే రేటు దగ్గర మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని చూస్తారు. క్రెడిబిలిటీ అన్న మాటలో ఈ 'దేనికి' అనేది ఉండదు, ఉంటే మొత్తం ఉంటుంది, పోతే మొత్తం పోతుంది.

మా ఊరాయన సంగతికి వస్తే, పెళ్లి కబుర్లకు, పులి కనపడిందన్న ముచ్చట్లకు ఆయన్ని నేనూ నమ్మను. కానీ ఆయన కొడుకు ఎనుమాముల యార్డులోనే హమాలీ. ఆ సంగతి మా బావకు తెలుసు, రేపు బందని నీకెవరు చెప్పిన్రని ఆయన్ని ఒక్కమాట అడగలేదు.